ఆటగాళ్ల బదిలీ నిబంధనలపై అనంతపురంలో ఒక పూట తరగతి

సప్తగిరి సర్కిల్‌కు దగ్గరలోని ఒక శిక్షణ సంస్థ, ఫుట్‌బాల్ ఆడే పిల్లలకూ వారి తల్లిదండ్రులకూ కలిపి నిర్వహించిన తరగతికి మా మేనల్లుడిని వెంటబెట్టుకుని వెళ్లాను. ఇద్దరికీ 800 రూపాయలు తీసుకున్నారు. తొమ్మిదిన్నరకు అన్నది పదింబావుకు మొదలైంది. ప్రొజెక్టర్ మొరాయించడంతో మాస్టారు బోర్డు మీదే పాఠం చెప్పారు, అదే మేలైంది.

ఒప్పందం ముగిసిన ఆటగాడు ఎలా స్వతంత్రుడవుతాడో వివరించిన గంటసేపటికే ఇచ్చిన డబ్బు చెల్లిపోయింది. బెల్జియం ఆటగాడు జాన్ మార్క్ బోస్మన్ ఒప్పందం 1990లో తీరిపోయినా, కొత్త క్లబ్ ఇవ్వాల్సిన బదిలీ రుసుము సంగతి తేలలేదని పాత క్లబ్ ఆయనను ఫ్రాన్సులోని డంకర్క్‌కు పోనివ్వలేదనీ, 1995 డిసెంబరు 15న యూరోపియన్ న్యాయస్థానం ఇచ్చిన తీర్పుతో ఆ పద్ధతికి యూరప్‌లో తెరపడిందనీ కథలా చెప్పారు. తరువాత ఒప్పందం ముగిసే రోజుగా బోర్డు మీద 'మే 31' అని రాసి, ఆరు నెలలు వెనక్కి లెక్కించి, 'డిసెంబరు 1' కింద ఎర్ర గీత గీశారు. ఫిఫా నిబంధనల ప్రకారం ఆ రోజు నుంచి ఆటగాడు వేరే క్లబ్‌తో ఒప్పందం రాసుకోవచ్చు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్లబ్బులే ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకుంటాయని, మన పిల్లలాడే ఈ ఫుట్‌బాల్‌లో ఆటగాడి సంతకం లేనిదే బదిలీ లేదని ఒక్క మాటలో తేల్చేశారు, అది చాలు.

నా అసంతృప్తి అంతా తరువాతి భాగం మీదే. మన ఊళ్ల క్లబ్బులకు అక్కరకొచ్చే వాటా సంగతిని పది నిమిషాల్లో ముగించారు. ఒప్పందం నడుస్తుండగా ఆటగాడు ఒక దేశం నుంచి మరో దేశపు క్లబ్‌కు కోటి రూపాయల రుసుముతో వెళితే, అందులో 5 శాతం, అంటే 5 లక్షలు, అతనికి 12 నుంచి 23 ఏళ్ల మధ్య ఆట నేర్పిన క్లబ్బులకు పంచాలి. పన్నెండో ఏటి నుంచి పదిహేనో ఏటి వరకు నాలుగు సీజన్లు నేర్పిన క్లబ్‌కు లక్ష వస్తుంది. ఒప్పందం తీరాక వెళితే రుసుమే ఉండదు కనుక ఈ వాటా కూడా ఉండదు. ఈ చిక్కును నేను అడిగితే గాని చెప్పలేదు.

పద్దెనిమిది నిండని వారి ఒప్పందం మూడేళ్లకు మించరాదన్నప్పుడు, వెనుక వరుసలోని ఒక తండ్రి లేచి, "మావాడు సంతకం పెట్టేసినాడు సార్, ఆ కాగితం నకలు కూడా మాకు ఇయ్యలేదు" అన్నారు. మాస్టారు ఆయనను భోజన విరామంలో కలవమన్నారు. తరగతిలో పంచిన నోట్సు అంతా ఇంగ్లీషులోనే ఉంది. ఆ తండ్రి దానిని మడిచి జేబులో పెట్టుకున్నారు.