మాల్దీవుల్లో ముందు పడవ, ఆ తర్వాతే గది

మాల్దీవులకు వెళ్దామనుకున్నాక అందరిలాగే మేమూ మూడు వారాలు గదుల ఫొటోలు చూస్తూ గడిపేశాం. కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందా, టిఫిన్ అద్దెలోనే కలిసి ఉందా, స్విమ్మింగ్ పూల్ ఉందా... ఇవే చర్చలు. వెళ్లొచ్చాక అర్థమైంది, అక్కడ గది అన్నిటికన్నా చివర చూసుకోవాల్సిన విషయమని. దాదాపు 1,200 దీవులు, వాటిలో స్థానికులు ఊళ్లు కట్టుకుని ఉండేవి 200 లోపే, అన్నీ కలిపి ఉత్తరం నుంచి దక్షిణానికి 800 కిలోమీటర్ల పైచిలుకు పరుచుకుని ఉన్నాయి. మన విమానం ఎన్ని గంటలకు దిగుతుంది, ఏ రోజు దిగుతుంది, ఆ సమయానికి ఏ పడవ ఉంది, ఈ మూడూ తేలితే తప్ప ఏ దీవిలో ఉండాలో తేలదు. మేం దీన్ని సరిగ్గా తలకిందులుగా చేశాం.

నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల మా అమ్మాయి. జూన్ నెల, ఏడు రాత్రులు. మొదటి రాత్రి విమానాశ్రయం పక్కనున్న హుల్హుమాలే, తర్వాత రెండు రాత్రులు మాఫుషి దీవి, నాలుగు రాత్రులు ధిగురా దీవి. దిగింది గురువారం సాయంత్రం. అక్కడే వచ్చింది తంటా. అక్కడ వారాంతం అంటే శుక్ర, శనివారాలు, శుక్రవారం ప్రభుత్వ ఫెర్రీలు నడవవు. ఫెర్రీ టికెట్ రెండు మూడు డాలర్లే కదా, శుక్రవారం మధ్యాహ్నం మెల్లగా పోదాంలే అని నేను వేసిన లెక్క హుల్హుమాలే హోటల్ కుర్రాడు ఒక్క నవ్వుతో తేల్చేశాడు. ప్రైవేటు స్పీడ్‌బోట్లు ఉంటాయి కానీ అవి కూడా శుక్రవారం నమాజు వేళకు ఆగిపోతాయి. ఉదయం బోటుకి మనిషికి 25 డాలర్లు పెట్టి వెళ్లాం. పెద్ద నష్టమేం కాదు, కాకపోతే నెల రోజుల ముందు క్యాలెండరు ఒక్కసారి చూసుంటే పోయేది.

హుల్హుమాలే గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. సముద్రాన్ని పూడ్చి కట్టిన ఊరు, తిన్నని రోడ్లు, అపార్ట్‌మెంట్లు, ఓ మోస్తరు బీచ్. విమానం పొద్దుపోయాక దిగితే ఒక రాత్రి పడుకోవడానికి బాగుంటుంది, అంతే. 2018లో వంతెన వచ్చాక విమానాశ్రయం, హుల్హుమాలే, రాజధాని మాలే మూడూ రోడ్డు మీదే కలిశాయి, ట్యాక్సీలో తిరగొచ్చు. మాలేలో మాకు దొరికిన రెండు గంటల్లో 1658లో పగడపు రాయితో కట్టిన పాత జుమ్మా మసీదు, చేపల మార్కెట్టు చూశాం. మసీదు గోడల మీద చెక్కడం దగ్గరగా చూడాల్సిందే, రాయి కాదేమో లేసు అల్లారేమో అనిపిస్తుంది. మార్కెట్టుకి మధ్యాహ్నం దాటాక వెళ్లండి, పడవలు తిరిగొచ్చే వేళకి. ట్యూనాలు వరసగా పరిచి ఉంటాయి, కోసేవాళ్ల చేతి నేర్పు చూస్తూ మా అమ్మాయి కదల్లేదు.

ఇక మాఫుషి. అందరూ మొదట చెప్పే పేరు ఇదే, ఎందుకో వెళ్తే తెలుస్తుంది. స్పీడ్‌బోటులో అరగంట, ముప్పావుగంట. సందు సందుకీ గెస్ట్‌హౌసులు, వాటి మధ్య అంతస్తుల మీద అంతస్తుల హోటళ్లు, సాయంత్రమైతే రోడ్డు మీద బల్లలు వేసి పిలిచి పిలిచి అమ్మే ట్రిప్పులు. స్నార్కెలింగ్ (మాస్కు పెట్టుకుని నీళ్ల మీద తేలుతూ కిందికి చూడటం), శాండ్‌బ్యాంక్ (సముద్రం మధ్య ఇసుక తిన్నె), డాల్ఫిన్లు, నర్స్ షార్కులు... పోటీ ఎక్కువ కాబట్టి ధరలు మిగతా దీవులకంటే తక్కువ, బేరం కూడా నడుస్తుంది. నిర్వహణ బాగుంది, ఆ మాట చెప్పాలి: చెప్పిన టైముకి పడవ కదిలింది, పిల్లలకి సరిపోయే లైఫ్ జాకెట్ అడగకుండానే ఇచ్చారు, నీళ్లలో మా అమ్మాయి పక్కనే ఒక గైడు చివరి దాకా ఉన్నాడు. కానీ ప్రశాంతత కావాలని వచ్చేవాళ్లకి ఇది దీవిలా ఉండదు. బికినీ బీచ్ చిన్నది, పదింటికే కుర్చీలు నిండిపోతాయి. దీవిలో కొంత భాగం జైలు కూడా.

బికినీ బీచ్ అంటే తెలియనివాళ్లకి: ఊరున్న దీవుల్లో ఈత దుస్తులకి ఒక హద్దు ఉంటుంది, ఆ ముక్క దాటి వీధిలోకొస్తే భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. మందు అసలు దొరకదు. మాఫుషి దగ్గర లోతు నీళ్లలో లంగరు వేసిన బోట్లలో అమ్ముతారు, దీవి మీదకి తేకూడదు. సామానులో సీసా పెట్టుకుని వెళ్తే విమానాశ్రయంలోనే తీసి ఉంచుకుని తిరుగు ప్రయాణంలో ఇస్తారు. పంది మాంసం, వేప్‌లు (ఎలక్ట్రానిక్ సిగరెట్లు) కూడా నిషేధమే, పూజకి వాడే విగ్రహాలు కూడా తీసుకెళ్లకూడదు, పెట్టె సర్దేటప్పుడే చూసుకోండి.

మాఫుషి నుంచి ఒక రోజు పక్క దీవిలోని రిసార్టుకి డే పాస్ మీద వెళ్లాం. భోజనంతో కలిపి పెద్దవాళ్లకి 130 డాలర్లు, పిల్లలకి సగం. నా అభిప్రాయం అడిగితే వద్దంటాను, మా అమ్మాయిని అడిగితే మళ్లీ వెళ్దాం అంటుంది. నీళ్ల రంగు అదే, ఇసుక అదే, ఎక్కువ వచ్చింది స్విమ్మింగ్ పూల్, తినగలిగినన్ని ఐస్‌క్రీములు. ఒక తమాషా మాత్రం జరిగింది. చాలా రిసార్టులు తమ గడియారాన్ని మాలే టైముకంటే గంట ముందు పెట్టుకుంటాయి, అతిథులకి సూర్యాస్తమయం కాస్త ఆలస్యంగా వచ్చినట్టుంటుందని. తిరుగు పడవ ఐదింటికి అన్నారు. ఎవరి ఐదింటికి? మేం ఫోన్లు చూసుకుంటూ తీరిగ్గా టీ తాగుతుంటే అవతల జెట్టీలో మా పేర్లు పిలుస్తున్నారు.

అసలు పొరపాటు మాత్రం మాఫుషి నుంచి ధిగురాకి వెళ్లడంలో జరిగింది. మ్యాపులో రెండూ దగ్గరగానే కనిపిస్తాయి, జూమ్ చేయకుండా చూస్తే. మాఫుషి ఉన్నది కాఫు అటాల్ (అటాల్ అంటే ఉంగరంలా పరుచుకున్న పగడపు దీవుల గుంపు), ధిగురా ఉన్నది ఆరి అటాల్ దక్షిణ కొసన, మధ్యలో నడి సముద్రం. నేరుగా వెళ్లే బోటు మాకు దొరకలేదు. మళ్లీ మాలేకి వచ్చి, అక్కడ మూడు గంటలు జెట్టీ దగ్గర పెట్టెల మీద కూర్చుని, మధ్యాహ్నం బోటెక్కి రెండు గంటలు. రోజు మొత్తం దానికే సరి. పడవ దారులన్నీ మాలే నుంచి గొడుగు ఊచల్లా బయటికి పోతాయి, ఊచకీ ఊచకీ మధ్య సాధారణంగా దారి ఉండదు. రెండు దీవులు చూడాలనుంటే ఒకే ఊచ మీదున్నవి ఎంచుకోండి, లేదా ఒక్క దీవిలోనే ఉండిపోండి. ఏడు రాత్రులకి మూడు చోట్లు అనేది నా అత్యాశ.

పైగా జూన్. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం నిలకడగా ఉంటుంది, ధరలు ఆకాశంలో ఉంటాయి. మే నుంచి అక్టోబరు దాకా నైరుతి గాలులు, వానలు, ధరలు దిగుతాయి. వాన మమ్మల్ని పెద్దగా ఇబ్బంది పెట్టలేదు, వచ్చి అరగంటలో పోయేది. అలలే. స్పీడ్‌బోటు ఎగిరి పడుతుంటే ముందు వరుసలో కూర్చున్న మాకు వెన్నుపూస లెక్కపెట్టుకున్నంత పనైంది, మా ఆవిడ కళ్లు మూసుకుని మాట్లాడటం మానేసింది. వెనక, ఇంజన్ దగ్గర కూర్చోండి, కుదుపు తక్కువ. వాంతుల మాత్ర పడవ కదిలాక కాదు, గంట ముందే వేసుకోవాలి.

ఇంత తిట్టుకున్నా ధిగురా దగ్గర మాత్రం నోరు మూతబడింది. మూడు కిలోమీటర్ల పొడవు, సన్నగా కత్తిలా ఉండే దీవి. ఊరు ఒక కొసన, అక్కణ్నుంచి చెట్ల నీడలో ఇసుక బాట పట్టి నడుస్తూ పోతే రెండో కొసన తెల్లటి ఇసుక తిన్నె. పొద్దున్నే ఆరింటికి వెళ్తే మా ముగ్గురి అడుగులు తప్ప ఇంకేం లేవు. తినడానికి హోటళ్లు నాలుగైదే, ఆర్డరిచ్చాక వంట మొదలుపెడతారు, ఆకలి మీద వెళ్లకండి. టిఫిన్‌కి మస్ హుని అని ట్యూనా, కొబ్బరి కోరు, ఉల్లిపాయ, మిర్చి, నిమ్మరసం కలిపి రోషి అనే రొట్టెతో పెడతారు, నేను రోజూ అదే తిన్నాను. శాకాహారులకి కష్టమే, దాదాపు అన్నిట్లో చేప ఉంటుంది, కూరగాయలు పడవలో రావాలి. ముందే చెప్పిపెడితే పప్పు, కూర విడిగా చేసిచ్చారు.

జనం ధిగురాకి వచ్చేది వేల్ షార్కుల కోసం, అంటే తిమింగలాల్లా భారీగా ఉండే సొరచేపలు. దక్షిణ ఆరిలో అవి ఏడాది పొడవునా ఉంటాయి, ఎక్కువగా వయసు రాని మగవి. ట్రిప్పు మనిషికి 80 డాలర్లు, కనిపించకపోతే వాపసు లేదు. మొదటి రోజు నాలుగు గంటలు ఎండలో తిరిగి ఏమీ చూడకుండా వచ్చాం. మర్నాడు మళ్లీ డబ్బు కట్టి వెళ్తే పదకొండింటికి ఒకటి పైకొచ్చింది. మా పడవంత ఉంది, ఒంటి మీద ముగ్గు చుక్కల్లా తెల్ల మచ్చలు, మమ్మల్ని అసలు లెక్కచేయకుండా నెమ్మదిగా పోతోంది. కానీ చుట్టూ ఎనిమిది పడవలు. మూడు నాలుగు మీటర్లు దూరం ఉండాలని, ముట్టుకోకూడదని, ఫ్లాష్ కొట్టకూడదని మా గైడు ముందే చెప్పాడు, పక్క పడవ వాళ్లకి ఎవరూ చెప్పినట్టు లేదు. వాళ్ల కాళ్లు నా మాస్కుకి తగిలాయి. చూసినందుకు సంతోషమే, ఆ గుంపులో నేనూ ఒకణ్నని కాస్త సిగ్గుగానూ ఉంది. ట్రిప్పు బుక్ చేసే ముందు పడవలో ఎంతమందిని ఎక్కిస్తారో అడగండి.

ధిగురా గెస్ట్‌హౌస్ పేరు చెప్పను. మనుషులు మంచివాళ్లు, జెట్టీకి తోపుడుబండి తెచ్చి సామాను తీసుకెళ్లారు, అమ్మాయికి జలుబు చేస్తే అల్లం కషాయం పెట్టారు. కానీ 'సీ వ్యూ' అన్నది డాబా ఎక్కితేనే. ఇంకా బిల్లు. రాత్రికి 60 డాలర్లని బుక్ చేశాం, చివర్లో చేతికొచ్చింది వేరే అంకె. 60కి 10 శాతం సర్వీస్ చార్జీ కలిపితే 66, దాని మీద 17 శాతం పర్యాటక జీఎస్‌టీ, అంటే 77 దాటింది, ఆపైన చిన్న గెస్ట్‌హౌసుల్లో మనిషికి రాత్రికి 6 డాలర్ల గ్రీన్ ట్యాక్స్, ముగ్గురికి 18. మొత్తం 95. రిసార్టుల్లో ఈ గ్రీన్ ట్యాక్స్ 12 డాలర్లు. ఎవరూ మోసం చేయలేదు, చిన్న అక్షరాల్లో రాసే ఉంది, నేనే చదవలేదు. మీరు 60ని 60 అనుకోకండి.

డాలర్లు అన్ని చోట్లా నడుస్తాయి, చిల్లర మాత్రం అక్కడి కరెన్సీ రుఫియాల్లో ఇస్తారు. డాలరుకి 15.42 అధికారిక రేటు. చిన్న నోట్లు, చిరగనివి తీసుకెళ్లండి. ప్రయాణానికి ముందు 96 గంటల్లోపు ఇముగా అనే అక్కడి ప్రభుత్వ సైటులో ఆన్‌లైన్ ఫారం నింపాలి, వెళ్లేటప్పుడొకటి, వచ్చేటప్పుడొకటి, దానికి రుసుమేం లేదు. డబ్బులడిగే సైటు కనిపిస్తే అది అసలుది కాదు.

సీప్లేన్ (నీళ్ల మీద దిగే చిన్న విమానం) సంగతి కూడా చెప్పాలి, మేం ఎక్కలేదు కానీ మాతో విమానంలో వచ్చిన కొత్త జంట ఎక్కాల్సింది. అవి పగటి వెలుతురులోనే ఎగురుతాయి. సాయంత్రం దిగినవాళ్లకి ఆ రోజుకి లేనట్టే, కట్టేసిన రిసార్టు గది అక్కడ ఖాళీగా, వాళ్లు ఇక్కడ హుల్హుమాలేలో. సీప్లేన్‌కి రానుపోను మనిషికి 400 డాలర్లు దాటడం మామూలే.

తిరుగు ప్రయాణం రోజు పొద్దున ఏడింటి బోటు గాలుల వల్ల వేయలేదు. మా విమానం మధ్యాహ్నం రెండింటికి. గెస్ట్‌హౌస్ ఆయన అరగంట ఫోన్లు చేసి, పక్కనున్న మామిగిలి విమానాశ్రయానికి పడవలో దింపి, అక్కణ్నుంచి మాలేకి వెళ్లే దేశీయ విమానంలో మూడు సీట్లు పట్టాడు. ఆకాశంలో ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లోనే, కింద నీలంలో పచ్చటి ఉంగరాలు పరిచినట్టున్న అటాళ్లు చూశాక, నేను ఏడు రోజులు ఎక్కడ తిరిగానో మొదటిసారి కంటికి అందింది. టికెట్టు ఖర్చు ఎంతైందో మా ఆవిడకి ఇంకా పూర్తిగా చెప్పలేదు.

మళ్లీ వెళ్తాం. ఈసారి ఫులిధూ అనే దీవి ఒక్కటే, ఐదు రాత్రులు, ఆరో రాత్రి హుల్హుమాలేలో. ఫిబ్రవరిలో ఆదివారం ఉదయం దిగే విమానాలు వెతుకుతున్నాను. గదులింకా చూడటం మొదలుపెట్టలేదు.