బల్లా, పిల్లా, దొంగా? ఇంటి అలారంతో ఆరేళ్లు

శ్రీకాకుళంలో బలగ వైపు మా ఇల్లు. కింద మూడు గదులు, పైన డాబా, వెనక నాలుగు అరటిచెట్లున్న పెరడు. పిల్లలిద్దరూ బెంగుళూరులో ఉంటారు కాబట్టి ఏడాదిలో మూడు నాలుగు నెలలు మేమూ అక్కడే. 2019 దసరాకి మా వీధి చివరి ఇంటివాళ్లు ఊరెళ్లారు, రెండోరోజుకే వాళ్ల బీరువా పగిలింది. ఆ నవంబరులోనే మేం అలారం పెట్టించాం.

అన్నిటినీ నడిపే ప్యానెలు ఒకటి, తలుపులకి సెన్సర్లు మూడు, మనిషి కదిలితే పసిగట్టే పీఐఆర్ సెన్సర్లు రెండు, వీధి గోడమీద సైరను, రిమోట్లు రెండు. బిగింపుతో కలిపి 16 వేలు దాటింది. ప్యానెల్లో సిమ్ ఉంటుంది. ఎవరైనా చొరబడితే బయట సైరను కూస్తుంది, లోపల ప్యానెలు మనం ఇచ్చిన నంబర్లకి వరసగా ఫోన్లు కొడుతుంది. అమ్మేటప్పుడు ఈ సంగతులన్నీ చెప్పారు. బల్లుల సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

మొదటి నెలలో నాలుగుసార్లు కూసింది. మొదటిసారి ఎదురింటి మావయ్యగారు అర్ధరాత్రి కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. రెండోసారి వాళ్ల మేడమీంచే టార్చి వేసి చూశారు. మూడోసారి ఫోను చేసి, "ఏటి బాబూ, బల్లా పిల్లా?" అన్నారు. నాలుగోసారి ఆ ఫోను కూడా రాలేదు. నాకు భయం పుట్టింది అప్పుడే. సైరను ఎంత గట్టిగా అరిస్తే ఏం లాభం, లేచి వచ్చే మనిషి లేకపోయాక?

పీఐఆర్‌కి కావలసింది కదిలే వేడి, అంతే. బల్లికి ఒంటివేడి పెద్దగా ఉండదు గానీ, గోడకీ దానికీ ఉన్న కాస్త తేడాయే చాలు. దూరంగా పాకితే పట్టించుకోదు, లెన్సుమీదే పాకితే మాత్రం దాని లెక్కలో అది మనిషంత. మాకు హాల్లో సెన్సరుని సరిగ్గా ట్యూబులైటు పక్కనే బిగించిపోయారు. లైటుకి పురుగులు, పురుగులకి బల్లులు, ఇంకేం కావాలి! దాన్ని లైటుకి దూరంగా, ఏడడుగుల ఎత్తులో మూలకి మార్పించాను. వైరు దూరే కన్నం సిలికాన్‌తో మూసేశాను, లేకపోతే చీమలు లోపలే కాపురం పెడతాయి. నెలకోసారి పొడిగుడ్డతో లెన్సు తుడిచి సాలెగూడు తీసేస్తాను. ఆ తర్వాత ఏడాదికి ఒకటో రెండో ఉత్తుత్తి కూతలు, అంతకు మించి లేవు.

ఇంకోటి నాకు ఆలస్యంగా తెలిసింది. మే నెలలో రెండు వారాలు తలుపులు మూసి ఉంచిన ఇంట్లోకి వచ్చి, ప్యానెలు టెస్టులో పెట్టి హాల్లో నడిచాను. మామూలుగా గుమ్మం దాటగానే సెన్సరులో ఎర్రదీపం వెలగాలి. సోఫా దాకా వెళ్లినా వెలగలేదు. ఉక్కకి గోడలూ నా ఒళ్లూ ఇంచుమించు ఒకే వేడి మీద ఉన్నాయి, తేడా లేకపోతే దానికి నేను కనపడను. అందుకే నడిఎండాకాలంలో దీన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు, తలుపు సెన్సర్లే దిక్కు. పైగా ఇది తనవైపు నేరుగా వచ్చేవాడికంటే అడ్డంగా నడిచేవాణ్ని బాగా పట్టుకుంటుంది. గుమ్మానికి ఎదురుగా కాకుండా పక్కగోడకి పెట్టించుకోండి.

తలుపు సెన్సర్లలో బ్యాటరీ ఏడాదిన్నరకోసారి మార్చడం తప్ప పెద్ద పనేం లేదు. వానాకాలంలో పెరటి తలుపు ఉబ్బి పూర్తిగా పడేది కాదు. చెక్కమీది అయస్కాంతం సెన్సరుకి ఎడమైతే తలుపు తెరిచే ఉందనుకుంటుంది ప్యానెలు. వడ్రంగి వచ్చి అంచు చిత్రిక పట్టాక ఆ గొడవ వదిలింది.

అసలు పాఠం గులాబ్ తుపాను నేర్పింది. 2021 సెప్టెంబరు 26, ఆదివారం. సాయంత్రం నుంచే కరెంటు లేదు. ఇన్వర్టరు మీద ఒక ఫ్యానూ ఒక లైటూ. బయట గాలికి అరటిచెట్లు నేల నాకుతున్నాయి. రాత్రి పదకొండు దాటాక, దొంగా లేడు దొరా లేడు, సైరను ఎత్తుకుంది. రిమోటు నొక్కితే ఆగదు. ప్యానెలు చూస్తే దీపాలన్నీ ఆరిపోయున్నాయి. దాని లోపలి 12 వోల్టుల బ్యాటరీ అప్పటికే చచ్చిందన్నమాట. సైరనుకి సొంత బ్యాటరీ ఉంటుంది, ప్యానెలు నుంచి కరెంటు రాకపోతే ఎవరో వైరు కోశారనుకుని తనంతట తనే కూస్తుంది. దొంగ తెలివిని దెబ్బకొట్టడానికి పెట్టిన ఏర్పాటు అది, ఆ రాత్రి మమ్మల్నే దెబ్బకొట్టింది. ఆ గాలీవానలో నిచ్చెన ఎక్కేదెవరు? మా ఆవిడ చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుంది. దానంతటది నోరు మూసేసరికి ఇరవై నిమిషాలు.

రెండేళ్లయినా నిండకుండా బ్యాటరీ పోవడానికి కారణం తర్వాత తెలిసింది. ప్యానెలుని పడమటి గోడకి, గాలాడని అలమరలో, ఇన్వర్టరుకి సరిగ్గా పైన పెట్టారు. ఈ రకం బ్యాటరీని వేడి తినేస్తుంది. పైగా ప్యానెలు లైను ఇన్వర్టరుకి కలపనే లేదు, మామూలు ప్లగ్గులో గుచ్చి వెళ్లిపోయారు. రెండూ మార్పించాను. ఇప్పుడు మూడు నెలలకోసారి మెయిను ఆపేసి, ప్యానెలుని దాని బ్యాటరీ మీదే ఓ పూటంతా ఉంచి మీటరు పెట్టి చూస్తాను. 12 వోల్టుల కిందికి దిగితే కొత్తది కొనాల్సిందే.

సిమ్ గురించి రెండు ముక్కలు. మాది 2జీ ప్యానెలు. జియో పనికిరాదు, దానికి 2జీ లేదు. వేరే సిమ్ వేశాను. దాన్నెవరూ వాడరు కాబట్టి రీఛార్జి సంగతి గుర్తుండదు. ఒకసారి గడువు దాటి రెండు నెలలు మూగగా పడుంది, టెస్టు చేస్తే గాని తెలియలేదు. ఇప్పుడు కొనేవాళ్లు 4జీ ప్యానెలే తీసుకోండి.

ఎప్పుడో ఓసారి ఊరెళ్లేవాళ్లకి ఇంత ఖర్చు అక్కర్లేదు. మన రాష్ట్ర పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ (తాళమేసిన ఇళ్లమీద నిఘా ఏర్పాటు) ఉంది, యాప్‌లో పేరు నమోదు చేసుకుని వెళ్లేముందు చెబితే తాళమేసిన ఇంట్లో వాళ్లే కెమెరా పెడతారు, డబ్బు తీసుకోరు. మాలా నెలలకి నెలలు ఉండనివాళ్లకి సొంతది ఉండాలి.

ఆరేళ్లలో నిజంగా పనికొచ్చింది ఒక్కసారి. 2023 డిసెంబరులో, మేం బెంగుళూరులో ఉండగా, తెల్లవారుజామున రెండున్నరకి ఫోను. పెరటి తలుపు. మావయ్యగారికి చేసేసరికి ఆయన అప్పటికే వీధిలో ఉన్నారు, వెనక ఇద్దరు కుర్రాళ్లు. "బల్లి కాదు బాబూ, ఈపాలి చెప్పులేసుకొచ్చింది," అన్నారు. గోడపక్క తడిమట్టిలో ఒంటికాలి చెప్పు దొరికిందట, తలుపు గొళ్లెం వంగిపోయి ఉందట. లోపల ఏమీ పోలేదు.

సైరను లోపలి బ్యాటరీకి కూడా వయసైపోయింది. సంక్రాంతికి ముందే మార్చాలి. నిచ్చెన మావయ్యగారిదే, అడిగి ఉంచాను.