స్టీల్ ట్యాంక్ ఏడేళ్ళు వాడాక: బరంపురం నుంచి వైజాగ్ దాకా గాలి కోసం

దీన్ని మొదటిసారి మోసుకొస్తుంటే పైఇంటి పిన్నిగారు "రెండో బండ కూడా వచ్చేసిందా బాబూ మీకు?" అని అడిగారు. ఇచ్ఛాపురం దగ్గర కారు ఆపిన పోలీసాయన "ఆక్సిజనా?" అన్నారు. రెండూ కాదు. ఇందులో ఉండేది మనం పీల్చే మామూలు గాలే, 232 బార్ దాకా (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత) కుదించి పెట్టింది. ట్యాంక్ నీళ్ళ కొలత, అంటే నీళ్ళు పోస్తే పట్టేది, 12 లీటర్లు. స్కూబా డైవింగ్‌కి, అంటే వీపున కట్టుకుని ఈ గాలి పీలుస్తూ సముద్రంలో దిగడానికి కొన్నాను.

అంతకుముందు నేను వాడినవన్నీ వైజాగ్‌లో అద్దెకిచ్చే అల్యూమినియం ట్యాంకులు. 11 లీటర్ల చిల్లర, 207 బార్. వాటితో నాకు పేచీ ఒక్కటే. మొదట్లో బుద్ధిగా మునుగుతాయి. గాలి తగ్గేకొద్దీ తేలికపడి, చివర్లో పైకి వచ్చే ముందు ఐదు మీటర్ల లోతులో మూడు నిమిషాలు ఆగాల్సిన చోట వీపు పట్టుకుని పైకి లాగుతుంటాయి. నిండు ట్యాంకులో గాలి బరువే మూడు కిలోలు మరి. స్టీల్‌ది ఖాళీ అయినా నీళ్ళలో మునిగే ఉంటుంది. మునగడానికి నడుముకి కట్టుకునే సీసంలో రెండు కిలోలు తీసేశాను. గట్టు మీద మాత్రం తేడా లేదు. వాల్వ్‌తో కలిపి దాదాపు పదిహేను కిలోలు, లిఫ్ట్ పనిచేయని రోజు ఏదైనా ఒకటే.

కొనేటప్పుడు రంగు కాదు, మెడ దగ్గర గుద్దిన అక్షరాలు చూడండి. నీళ్ళ కొలత, ఖాళీ బరువు, పని ఒత్తిడి 232, టెస్ట్ ఒత్తిడి 348, టెస్ట్ చేసిన నెల, సంవత్సరం అన్నీ ఉండాలి. గ్యాస్ సిలిండర్ల భద్రత చూసే కేంద్ర సంస్థ, నాగపూర్‌లో హెడ్డాఫీసు ఉన్న పెసో అనుమతి కాగితం కూడా అడగండి. విదేశాల నుంచి ఎవరో చవగ్గా తెచ్చిన ట్యాంక్ నాకూ ఒకటి దొరికింది. కాగితం లేదన్నారు, వదిలేశాను. వాల్వ్ విషయంలో, మధ్యలో ఇన్సర్ట్ తీసి పెట్టుకునే రకం తీసుకున్నాను. ట్యాంకు గాలిని ఒత్తిడి తగ్గించి నోటికి అందించేది రెగ్యులేటర్. మర తిప్పి బిగించే డిన్ రకమైనా, పైనుంచి పట్టులా బిగించే యోక్ రకమైనా దీనికి పడుతుంది.

ట్యాంక్ ఎంచుకోవడం ఒక వారం పని. అసలు తిప్పలు గాలి దగ్గరే. మా ఊరు బరంపురంలో టైర్ల షాపు నడిపే మా స్నేహితుడు "తీసుకురా గురూ, నేను కొట్టిస్తాగా" అన్నాడు. వాడి కంప్రెసర్ పది బార్ దగ్గరే ఆయాసపడుతుంది, పైగా అందులో నూనె ఆవిరి. పీల్చే గాలికి వేరే కంప్రెసర్ కావాలి, దాని వెనక తేమనీ నూనెనీ పట్టే ఫిల్టర్లు కావాలి. రైల్లో గ్యాస్ సిలిండర్లు ఎక్కించనివ్వరు. కాబట్టి కార్లో పలాస, శ్రీకాకుళం మీదుగా వైజాగ్, పోను 250 కిలోమీటర్ల పైనే.

అంత దూరం పోయినప్పుడు త్వరగా పని ముగించుకోవాలనిపిస్తుంది. మొదటి రెండేళ్ళు నేను చేసిన తప్పు అదే. ఒక చోట ట్యాంకుని చల్లగా ఉంటుందని నీళ్ళ తొట్టిలో దించి, గబగబా నింపి, మీటర్ మీద 220 చూపించి పంపేశారు. చెయ్యి ఆనిస్తే చురుక్కుమంది. రాత్రి ఇంటికొచ్చి గేజ్ పెడితే 205. గాలి ఎక్కడా కారలేదు, చల్లబడిందంతే. వేగంగా నింపితే వేడెక్కుతుంది, ఆ వేడికే ముల్లు పైకి పోతుంది. ఆ పదిహేను బార్లు ఎప్పుడూ నా ట్యాంకులోకి రాలేదు, నేను డబ్బు మాత్రం ఇచ్చాను.

దానికంటే పెద్ద దెబ్బ తర్వాత బయటపడింది. ఓ రోజు రెగ్యులేటర్ కడుగుతుంటే, గాలి లోపలికి పోయే చోట ఉండే చిన్న ఫిల్టర్ మీద ఇటుక రంగు పొడి కనబడింది. తనిఖీకి తీసుకెళ్తే వాల్వ్ విప్పి లోపలికి సన్న బల్బు దించారు. గోడంతా బాగానే ఉంది గానీ, ఒక పక్క మాత్రం పై నుంచి కింది దాకా వేలెడు వెడల్పున తుప్పు చార. ట్యాంక్ కార్లో ఏ పక్కకి పడుకునేదో ఆ పక్కే! తొట్టిలో తడిసిన వాల్వ్ నోట్లోని నీటిబొట్లు గాలితో పాటే లోపలికి పోయాయన్నమాట. తుప్పు ఉక్కునే కాదు, మూసిన ట్యాంకులో ఆక్సిజన్‌నీ తింటుంది. ఏళ్ళ తరబడి మూసి ఉంచిన తుప్పు ట్యాంకులో గాలి పీల్చితే ప్రాణాపాయమే. నా అదృష్టం, గుంటలు పడలేదు. లోపల గరుకు గుళ్ళు పోసి గంటల తరబడి దొర్లించి శుభ్రం చేశారు.

అప్పటి నుంచి మొహమాటం మానేశాను. పైపు తగిలించే ముందు వాల్వ్ ఓ క్షణం తెరిచి బుస్సుమనిపించి, నోట్లో తడి పోయిందో లేదో నేనే చూసుకుంటాను. కంప్రెసర్ గాలి ఎక్కడి నుంచి లాగుతోందో చూస్తాను. పక్కన పెట్రోల్ ఇంజనో, జనరేటరో పొగ వదులుతుంటే వద్దంటాను. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ముక్కుతో పట్టుకోలేం. ఫిల్టర్ ఎప్పుడు మార్చారని అడిగితే విసుక్కునే చోట నింపించుకోను. ఇప్పుడు వెళ్ళే చోట మెల్లగా నింపి, పక్కన పెట్టి, నేను ఇడ్లీ తినొచ్చేసరికి మళ్ళీ 232కి సరిచేస్తారు. స్టీలే కదా, ఇంకో ఇరవై బార్లు వేయమంటే నింపే ఆయన ఒప్పుకోడు. ఆయనదే రైటు.

ఇంట్లో ఓ ముప్పై బార్ ఉంచి, నిలబెట్టే పెడతాను. కింద రబ్బరు బూట్ ఊడదీసి మంచినీళ్ళతో కడగాలి. ఉప్పునీళ్ళు అందులోనే దాక్కుంటాయి. ఐదేళ్ళకి నీళ్ళు నింపి ఒత్తిడి పెట్టి చూసే హైడ్రోటెస్ట్ పాసైంది, మెడ మీద కొత్త తేదీ పడింది.

ఏడాదికి రెండుమూడు సార్లు రుషికొండలో దిగేవాళ్ళు కొనకండి, అద్దెదే నయం. మా ఊరి దగ్గరి గోపాల్‌పూర్ తీరంలో అలలూ ఎక్కువే, నీళ్ళూ మసకే, నాకే ఏడాదికి నాలుగైదు రోజుల కంటే దొరకవు. మళ్ళీ కొంటే మాత్రం స్టీలే, కాకపోతే పది లీటర్లది. నడుం ఒప్పుకోవడం లేదు. పిన్నిగారు ఇప్పటికీ దాన్ని బండ అనే అంటారు.