పురుషుల డబుల్సా, మిక్స్‌డ్ కూడానా? సియో సంగ్-జే కెరీర్‌కు ఏది మేలు చేసింది?

2023 ఆగస్టు 27న కోపెన్‌హేగన్‌లో ప్రపంచ బ్యాడ్మింటన్ చాంపియన్‌షిప్ ఫైనల్స్. కొరియా ఎడమచేతి ఆటగాడు సియో సంగ్-జే ఆ రోజు రెండుసార్లు కోర్టులోకి దిగాడు. ఛే యు-జంగ్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్‌లో (ఒక మగ, ఒక ఆడ జోడీగా ఆడే విభాగం) చైనా జోడీ జెంగ్ సివే, హువాంగ్ యాచియోంగ్‌లను మూడు గేముల్లో ఓడించాడు. కాంగ్ మిన్-హ్యుక్‌తో కలిసి పురుషుల డబుల్స్‌లో డెన్మార్క్ జోడీ ఆస్ట్రప్, రాస్ముసెన్‌లను వాళ్ళ సొంత ప్రేక్షకుల ముందే ఓడించాడు. అదీ మొదటి గేము 14-21తో పోగొట్టుకున్నాక. ఆ ఏడాది ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య ఉత్తమ పురుష క్రీడాకారుడి అవార్డు కూడా అతనికే వచ్చింది.

ఏడాది తిరక్కుండానే పారిస్ ఒలింపిక్స్. 2024 ఆగస్టు 1న మళ్ళీ ఒకే రోజు రెండు పెద్ద మ్యాచ్‌లు, ఈసారి రెండూ ఓటమే. పురుషుల డబుల్స్ క్వార్టర్స్‌లో అదే డెన్మార్క్ జోడీ చేతిలో ఓడాడు. మిక్స్‌డ్ సెమీస్‌లో సొంత దేశం వాళ్ళే అయిన కిమ్ వాన్-హో, జియాంగ్ నా-యున్‌ల చేతిలో 16-21, 22-20, 21-23తో ఓడాడు. మర్నాడు కాంస్యం మ్యాచ్‌లో జపాన్ జోడీ వాటానబె, హిగషినోల మీద కూడా గెలవలేకపోయాడు. ఏడాది క్రితం రెండు విభాగాల్లో ప్రపంచ చాంపియన్ అయిన మనిషి ఒక్క పతకం కూడా లేకుండా ఇంటికి వెళ్ళాడు.

ఇక 2025. పారిస్ సెమీస్‌లో నెట్‌కు అవతల నిలబడ్డ కిమ్ వాన్-హోనే ఈసారి జోడీగా ఎంచుకుని, దృష్టంతా పురుషుల డబుల్స్ మీదే పెట్టాడు. మలేసియా ఓపెన్, ఆల్ ఇంగ్లండ్, పారిస్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్, ఏడాది చివర వరల్డ్ టూర్ ఫైనల్స్ గెలిచారు. ఇద్దరూ కలిసి 11 టైటిళ్ళు కొట్టారు. జూలైకల్లా ప్రపంచ నంబర్ వన్ అయ్యారు.

ఈ మూడేళ్ళ లెక్క చూస్తే ఒక విభాగానికే కట్టుబడటం మేలని చప్పున అనేయవచ్చు. నేనూ చివరికి ఆ వైపే మొగ్గుతాను. కానీ దానికి ముందు చూడాల్సింది చాలా ఉంది.

రెండూ ఆడటం కొరియాలో కొత్తేమీ కాదు. పార్క్ జూ-బాంగ్ 1985లోనూ 1991లోనూ, కిమ్ డాంగ్-మూన్ 1999లోనూ ఒకే ప్రపంచ చాంపియన్‌షిప్‌లో రెండు స్వర్ణాలూ గెలిచారు. సియో ఆ దారిలోనే వచ్చాడు. దీని వెనక ఆటకు సంబంధించిన కారణమే కాదు, బతుకుకు సంబంధించిన కారణమూ ఉంది. కొరియాలో మగపిల్లలందరికీ సైనిక సేవ తప్పనిసరి. ఒలింపిక్స్‌లో ఏ పతకం వచ్చినా, ఆసియా క్రీడల్లో స్వర్ణం వచ్చినా క్రీడాకారుడికి ఆ పూర్తి సేవ నుంచి మినహాయింపు దొరుకుతుంది. మంచి వయసులో ఏడాదిన్నర పోకుండా కాపాడే పతకం అది. రెండు విభాగాల్లో దిగితే అవకాశం రెండింతలు. కొరియా ఆటగాడే అయిన లీ యోంగ్-డే 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో జంగ్ జే-సంగ్‌తో పురుషుల డబుల్స్ తొలి రౌండ్‌లోనే ఓడిపోయాడు. లీ హ్యో-జంగ్‌తో మిక్స్‌డ్ స్వర్ణం గెలిచి, కెమెరా వైపు కన్నుకొట్టి, 19 ఏళ్ళకే దేశమంతటికీ ముద్దుబిడ్డ అయ్యాడు. మిక్స్‌డ్ ఆడకపోయి ఉంటే ఆ ఒలింపిక్స్ అతనికి ఒక్క మ్యాచ్‌తోనే ముగిసేది.

ఆట పరంగా కూడా మిక్స్‌డ్ చాలా నేర్పిస్తుంది. అందులో కోర్టు వెనక భాగం ఎక్కువగా మగవాడిదే. కదలిక, షాట్ల ఎంపిక, ఎప్పుడు బలంగా కిందికి స్మాష్ కొట్టాలి, ఎప్పుడు నెట్ దగ్గర పడేలా మెల్లగా డ్రాప్ వేయాలి అన్న తెలివి అక్కడ పదును తేలుతాయి. పురుషుల డబుల్స్ వేరే సంగతి. ఇద్దరూ ముందుకూ వెనక్కూ మారుతూ తిరగాలి. సర్వీస్, రిటర్న్, ఆ తర్వాతి షాట్, ఈ మూడింట్లోనే సగం పాయింట్లు తేలిపోతాయి. నెట్ దగ్గర బల్లపరుపుగా వచ్చే డ్రైవ్‌లకు రాకెట్ తల పైకే ఉండాలి. సియో ఈ రెండు పనులూ హాయిగా చేస్తాడు. వెనక నుంచి ఎడమచేతి స్మాష్ కొట్టి, అదే ఊపులో ముందుకొచ్చి నెట్ దగ్గర పాయింట్ ముగించడం అతనికి బాగా అలవాటు. ఆ అలవాటులో మిక్స్‌డ్ ఏళ్ళ పాత్ర ఉందని నా నమ్మకం.

మరి నష్టం ఎక్కడ? ఒళ్ళు అలిసిపోవడంలో, సాధన సమయం చాలకపోవడంలో. 32 జోడీల టోర్నీలో టైటిల్ గెలవాలంటే ఐదు మ్యాచ్‌లు ఆడాలి. రెండు విభాగాల్లోనూ చివరిదాకా వెళితే ఆరు రోజుల్లో పది. పైగా శనివారం, ఆదివారం ఆడేవి అన్నిటికంటే కష్టమైనవి. పారిస్ సెమీస్ మూడో గేములో కిమ్ వాన్-హో కోర్టులోనే వాంతి చేసుకున్నాడు. అతను ఆ ఒలింపిక్స్‌లో ఆడింది మిక్స్‌డ్ ఒక్కటే. ఒక్కటే ఆడే మనిషికే అంత పరీక్ష అయితే, అదే రోజు పురుషుల డబుల్స్ క్వార్టర్ ఫైనల్ ఆడి ఓడి వచ్చిన సియో పరిస్థితి ఆలోచించండి. అయినా మూడో గేమును 21-23 దాకా లాగాడు.

ఒలింపిక్స్ చరిత్ర కూడా ఇదే చెబుతుంది. ఒకే ఒలింపిక్స్‌లో రెండు డబుల్స్ స్వర్ణాలూ గెలిచిన పురుషుడు ఇప్పటిదాకా లేడు. కిమ్ డాంగ్-మూన్‌కు 1996లో గిల్ యంగ్-ఆతో మిక్స్‌డ్ స్వర్ణం వచ్చింది, 2004లో హా టే-క్వాన్‌తో పురుషుల స్వర్ణం వచ్చింది. ఆ 2004లోనే రా క్యుంగ్-మిన్‌తో మిక్స్‌డ్‌లో టాప్ సీడ్‌గా దిగి క్వార్టర్స్‌లోనే ఓడిపోయాడు. (ఆ గిల్ యంగ్-ఆ కొడుకే కిమ్ వాన్-హో. తల్లికి మిక్స్‌డ్ స్వర్ణం, కొడుక్కి పారిస్‌లో అదే విభాగంలో రజతం.)

అయితే ఒక్కటే ఆడితే గ్యారంటీ ఏమైనా ఉందా అంటే, లీ యోంగ్-డే కథ లేదనే చెబుతుంది. 2009 ప్రపంచ చాంపియన్‌షిప్ మన హైదరాబాద్‌లో, గచ్చిబౌలిలో జరిగింది. లీ అక్కడ రెండూ ఆడాడు. మిక్స్‌డ్‌లో కాంస్యం వచ్చింది. పురుషుల ఫైనల్లో జంగ్ జే-సంగ్‌తో కలిసి చైనా దిగ్గజాలు కై యున్, ఫు హైఫెంగ్‌లతో తలపడి మూడో గేములో 26-28తో ఓడిపోయాడు. 20 దాటాక కూడా అన్ని పాయింట్లు నడిచిన గేము అది. రెండూ ఆడిన అలసట వల్లే ఓడాడని నేననను. ఆ స్థాయిలో అంత దగ్గరి గేము ఎటైనా పోవచ్చు. 2012 తర్వాత లీ క్రమంగా పురుషుల డబుల్స్ మీదే దృష్టి పెట్టాడు. యూ యోన్-సియోంగ్‌తో నంబర్ వన్‌గా 2016 రియోకు వెళ్ళాడు. అక్కడ క్వార్టర్స్‌లో మలేసియా జోడీ ఇంటికి పంపింది. ప్రపంచ చాంపియన్‌షిప్ స్వర్ణం అతనికి చివరిదాకా రాలేదు. ఇన్నేళ్ళ డబుల్స్ చరిత్రలో నన్ను ఇప్పటికీ బాధపెట్టే లోటు అది.

మన అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్ కూడా మొదట్లో అశ్విని పొన్నప్పతో మిక్స్‌డ్ ఆడినవాడే. తర్వాత అది వదిలేసి చిరాగ్ శెట్టితోనే ఉండిపోయాడు. ఆసియా క్రీడల స్వర్ణం, నంబర్ వన్ ర్యాంకు ఆ తర్వాత వచ్చినవే. 2025 సెప్టెంబరులో చైనా మాస్టర్స్ ఫైనల్లో ఈ జోడీ కిమ్, సియోల చేతిలో 19-21, 15-21తో ఓడింది. రెండు వైపులా ఒకే విభాగం మీద ప్రాణం పెట్టిన జోడీలు కావడంతో మొదటి గేములో ర్యాలీలు కళ్ళు తిప్పుకోనివ్వలేదు.

నా తీర్పు వయసును బట్టి ఉంటుంది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ దాకా రెండూ ఆడాలి. ఒళ్ళు తట్టుకుంటుంది, ఏ విభాగం నప్పుతుందో తెలుస్తుంది, కొరియా కుర్రాడైతే మినహాయింపు పతకానికి రెండు తలుపులు తెరిచి ఉంటాయి. ఆ తర్వాత, ముఖ్యంగా ఒలింపిక్స్ ఏడాదిలో, ఒక్కటి ఎంచుకోవాలి. సియోకు పారిస్ ముందు ఆ మాట ఎవరైనా గట్టిగా చెప్పి ఉండాల్సింది. కొరియా జట్టుకు ఇప్పుడు హెడ్ కోచ్ పార్క్ జూ-బాంగే, ఆ దేశ బ్యాడ్మింటన్ సంఘం అధ్యక్షుడు కిమ్ డాంగ్-మూనే. రెండూ ఆడటంలోని సుఖం, కష్టం ఈ ఇద్దరికంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. 2028 లాస్ ఏంజెలెస్ నాటికి సియోకు 30 ఏళ్ళు, కిమ్‌కు 29. వాళ్ళిద్దరి పేర్లూ మిక్స్‌డ్ జాబితాలో కనపడకూడదని నా కోరిక.