హౌస్‌మన్స్, లండన్: యుద్ధ వ్యతిరేకుల పుస్తకాల దుకాణం

లండన్‌లోని కింగ్స్ క్రాస్ స్టేషన్‌కు దగ్గరలో, కాలెడోనియన్ రోడ్డు మొదట్లో ఉన్న హౌస్‌మన్స్, వామపక్ష, శాంతివాద సాహిత్యం కోసం వెతికే ప్రతి ఒక్కరూ చూడవలసిన దుకాణం. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన 1945లోనే యుద్ధ వ్యతిరేక సంస్థ పీస్ ప్లెడ్జ్ యూనియన్ చొరవతో, నాటకకర్త లారెన్స్ హౌస్‌మన్ పేరు మీద మొదలై, 1959లో ఇప్పటి భవనానికి మారింది. 1936లో పుట్టిన పీస్ న్యూస్ పత్రిక, సైనిక సేవను నిరాకరించేవారికి అండగా నిలిచే వార్ రెసిస్టర్స్ ఇంటర్నేషనల్ దశాబ్దాలపాటు ఈ భవనం నుంచే పనిచేశాయి కాబట్టి, దీన్ని కేవలం పుస్తకాల అంగడిగా చూడటం సరికాదని నా అభిప్రాయం.

పెద్ద దుకాణాలలో కనిపించని కరపత్రాలు, చిన్న పత్రికలు, చొక్కాకు గుచ్చుకునే బ్యాడ్జీలు ఇక్కడ పుస్తకాలతో సమానమైన గౌరవం పొందుతాయి. అన్నింటికన్నా నన్ను ఆకట్టుకున్నది ఈ సంస్థ పేరుతో వచ్చే శాంతి డైరీ. జేబులో పట్టే ఆ డైరీ చివర వివిధ దేశాల శాంతి సంఘాల చిరునామాలు దేశాలవారీగా ఉంటాయి. ఇంటర్నెట్ లేని కాలంలో ఒక చిన్న ఊళ్లో ఊరేగింపు తలపెట్టిన నలుగురికి, మరో దేశంలోని తమవంటి వారిని చేరుకోవడానికి అటువంటి జాబితా ఎంత అవసరమో ఊహించవచ్చు. అణ్వాయుధాలకు వ్యతిరేకంగా 1958లో లండన్‌లోని ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి అణ్వాయుధ కేంద్రం ఉన్న ఆల్డర్‌మాస్టన్‌కు సాగిన పాదయాత్ర గురించి, 2003 ఫిబ్రవరి 15న ఇరాక్ యుద్ధాన్ని నిరసిస్తూ లండన్ వీధులను నింపిన జనం గురించి చదవాలనుకునేవారు ఇక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.

లండన్‌లో చదువుకుంటున్న మన విద్యార్థులకు నా సూచన ఒక్కటే: రచయితలతో జరిగే సాయంకాలపు సభల వివరాలు ముందే తెలుసుకుని వెళ్లండి, అరలు తీరిగ్గా చూసుకోవడానికి గంట ముందుగా చేరుకోండి.