కందిరీగ కుడితే సున్నమా, ఐసు ముక్కా?

ఈ వేసవిలో ఆవకాయకి కాయలు కోస్తూ రెండు రకాల దెబ్బలు ఒకేసారి తిన్నాను. నిచ్చెన ఎక్కి రెండో కొమ్మ వంచానో లేదో, చొక్కా లోపల ఎర్రచీమలు. దులుపుకుంటూ దిగుతూ, పడిపోకుండా షెడ్డు రేకు అంచు పట్టుకున్నాను. ఆ రేకు కింద కందిరీగల తుట్టె ఉంది. ఒకటి మోచేతి మీద, ఇంకొకటి సరిగ్గా పై పెదవి మీద కుట్టాయి.

అమ్మ తమలపాకుల పళ్ళెంలోంచి సున్నం డబ్బీ పట్టుకొచ్చింది. మా ఆవిడ ఫ్రిజ్‌లోంచి ఐసు ట్రే తెచ్చింది.

"ఐసు చల్లగా ఉంటుందంతే, విషాన్ని విరుస్తుందా? కదలకురా, సున్నం పెడతా."

"పెదవికి సున్నం వద్దత్తయ్యా, తోలు ఊడిపోతుంది."

చివరికి మోచేతికి సున్నం, పెదవికి ఐసు అని రాజీ కుదిరింది. దీన్ని పరిశోధన అనలేను గానీ, పోల్చి చూసుకునే అవకాశం మాత్రం దొరికింది. పెదవి నొప్పి అరగంటలో మెత్తబడింది, వాపు మర్నాటికి తీసింది. మోచేతి మీద వాపు తగ్గాక కూడా సున్నం కాల్చిన మచ్చ పది రోజులు ఉంది.

(పెదవి గురించి ఒక మాట. అమెరికాలో మైకేల్ స్మిత్ అనే పరిశోధక విద్యార్థి తన ఒంటి మీద 25 చోట్ల తేనెటీగలతో కుట్టించుకుని, ఎక్కడ ఎంత నొప్పో మార్కులు వేసి 2014లో ప్రచురించాడు. మొదటి స్థానం ముక్కుపుటానిది, రెండోది పై పెదవిది. నా అనుభవంతో ఆయన లెక్క సరిపోయింది.)

సున్నాన్ని వెనకేసుకొచ్చేవాళ్ళ మాట పూర్తిగా తీసిపారేసేది కాదు. చీమల విషయంలో సగం నిజమే. మామిడి ఆకుల్ని కలిపి కుట్టి గూడు కట్టుకునే ఈ ఎర్రచీమలకు ముల్లు ఉండదు. దవడలతో కొరికి, ఆ గాటు మీద పొట్ట చివర నుంచి ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతాయి. ఆ మంటలో ఆమ్లం పాలు ఉంది కాబట్టి క్షారం రాస్తే విరుగుతుందనుకోవడంలో అర్థం ఉంది. అయితే ఆ ఆమ్లం సబ్బు నీళ్ళతో కడిగినా పోతుంది. దాని కోసం తడి సున్నం దాకా వెళ్ళక్కర్లేదు. సున్నం ఘాటైన క్షారం, దాని పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే కొలత, 7 దాటితే క్షారం) 12 దాటి ఉంటుంది. పలుచని చర్మాన్ని, అందులోనూ పిల్లల చర్మాన్ని కాల్చేస్తుంది. రాసిన వేలితో కన్ను నులుముకుంటే చూపుకే ముప్పు.

తేనెటీగ, కందిరీగల సంగతి వేరు. వాటి విషంలో నొప్పి పుట్టించేవి ముఖ్యంగా ప్రోటీన్లు, పెప్టైడ్‌లు (చిన్నపాటి ప్రోటీన్ ముక్కలు). తేనెటీగ విషాన్ని ఎండబెట్టి తూస్తే దాదాపు సగం మెలిటిన్ అనే పెప్టైడే ఉంటుంది. ముల్లు గుండా అది చర్మం లోపలికి దిగిపోయాక, పైన పూసిన సున్నం దాని దాకా చేరదు. కందిరీగకు పుల్లటిది రాయాలి, నిమ్మకాయ రుద్దాలి అనే సలహా కూడా ఇందుకే నిలబడదు. పైగా నిమ్మరసం రాసుకున్న చోట ఎండ తగిలితే చర్మం బొబ్బలెక్కి నల్లటి మచ్చలు పడొచ్చు. మే నెలలో పెరట్లో ఆ పని అసలు వద్దు.

మరి ఐసు మాత్రం విషాన్ని విరుస్తుందా? విరవదు, ఆ మాటలో అమ్మ కరెక్టే. కానీ చల్లదనానికి అక్కడి రక్తనాళాలు ముడుచుకుంటాయి, వాపు తక్కువ వస్తుంది, నొప్పి తెలియడం తగ్గుతుంది. ఆ మొదటి గంటలో మనకు కావలసింది అదే. ముక్కని నేరుగా పెట్టకూడదు, గుడ్డలో చుట్టి పది నిమిషాలు ఉంచి, కాసేపు తీసి మళ్ళీ పెట్టాలి. పొలంలోనో తోటలోనో ఐసు దొరకదు కదా అంటే, కుండలో నీళ్ళతో తడిపిన తుండుగుడ్డ చాలు. కుట్టింది చేతికైతే ఉంగరం, గాజులు ముందే తీసేయాలి. వాచాక అవి రావు.

మిగతా ఇంటి వైద్యాల్లో వంటసోడా ముద్ద సున్నం కంటే చాలా మెతక, దురదకి కొంత హాయిగా ఉంటుంది, హాని లేదు. ఉల్లిపాయ ముక్క రుద్దితే రసం చల్లగా తగులుతుంది, వాసన మిగులుతుంది. ఇనుప తాళంచెవితో రుద్దడం మా నాయనమ్మ పద్ధతి. ఆ ఇనుము చల్లగా ఉన్నంతసేపే దాని మహిమ. కుట్టింది తేనెటీగ అయితే మాత్రం ముల్లు చూడకుండా రుద్దడం తప్పు.

ఆ ముల్లు దగ్గర ఇంకో పాత తగాదా ఉంది. కందిరీగ ముల్లు తనతోనే తీసుకుపోతుంది, అందుకే ఒకటే ఎన్నిసార్లయినా కుట్టగలదు. తేనెటీగ ముల్లుకి వెనక్కి తిరిగిన పళ్ళుంటాయి, విషపుతిత్తితో సహా మన చర్మంలోనే ఉండిపోతుంది. ఆ తిత్తి కొట్టుకుంటూ విషాన్ని లోపలికి పంపుతూనే ఉంటుంది. గోళ్ళతో పీకితే తిత్తి నలిగి విషం ఎక్కువ దిగుతుంది, ఏటీఎం కార్డు అంచుతో గీకాలి అని చాలామంది చెబుతారు. 1996లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక పరిశీలనలో ఆ తేడా కనపడలేదు. కనపడింది ఆలస్యంలోనే, ముల్లు ఎంతసేపు ఉంటే దద్దు అంత పెద్దదైంది. విషంలో ఎక్కువ భాగం మొదటి అర నిమిషంలోపే దిగిపోతుంది. కార్డు కోసం పర్సు వెతుక్కునే లోపు పని అయిపోతుంది. గోరు మన వేలికే ఉంది, పీకేయండి.

సాయంత్రానికి నొప్పి పోయి దురద మొదలవుతుంది. ఇక్కడ పోటీ కాలమైన్ లోషన్‌కి, అలర్జీకి వేసుకునే సెట్రిజిన్ మాత్రకి. కాలమైన్ అంటే జింక్ ఆక్సైడ్, దానికి గులాబీ రంగు కొద్దిపాటి ఐరన్ ఆక్సైడ్ వల్ల వచ్చింది. తడి ఆరుతూ చల్లబరుస్తుంది. చీమలు కుట్టిన చిన్న చిన్న దద్దులకి అది చాలు. కందిరీగ కుట్టి చెయ్యంతా బిర్రబిగిసినప్పుడు లోషన్ ఎంత పూసినా అంతంతమాత్రమే. పెద్దవాళ్ళయితే రాత్రికి 10 మిల్లీగ్రాముల సెట్రిజిన్ మేలు. మత్తుగా ఉంటుంది కాబట్టి వేసుకుని బండి నడపొద్దు. పిల్లలకి, గర్భిణులకి డాక్టర్ని అడిగే ఇవ్వాలి. తలనొప్పి బామ్ మాత్రం గోకిన చోట రాస్తే ఇంకో మంట మొదలవుతుంది, చెప్పలేదనద్దు.

వాపు రెండో రోజు ఇంకా పెరిగిందని టెన్షన్ పడక్కర్లేదు. పెద్ద దద్దులు రెండు రోజుల దాకా పెరిగి, వారం పది రోజుల్లో తగ్గుతాయి. అది విషానికి ఒంటి స్పందనే గానీ చాలావరకు చీము పట్టడం కాదు, కాబట్టి యాంటీబయాటిక్ సొంతంగా కొనుక్కోవద్దు. రోజులు గడిచేకొద్దీ ఎర్రదనం పాకుతూ, జ్వరం వస్తే అప్పుడు చూపించుకోవాలి.

సున్నమా ఐసా అని ఇంట్లో వాదించుకోకూడని సందర్భాలూ ఉన్నాయి. కుట్టింది కాలికైనా ముఖం, నాలుక వాచినా, ఒళ్ళంతా దద్దుర్లు లేచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగినా 108కి ఫోన్ చేయాలి. ఆ స్థితికి మందు అడ్రినలిన్ ఇంజెక్షనే, సెట్రిజిన్ కాదు. నోటి లోపల కుట్టినా, తేనెటీగలో కందిరీగలో గుంపుగా దాడి చేసినా అంతే. ఎండలకి చల్లదనం వెతుక్కుంటూ కుండీల కింద చేరే తేలు కుట్టినా ఇంటి వైద్యం వద్దు. ఎర్రతేలు విషం గుండె మీద పనిచేస్తుంది. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రజోసిన్ మాత్రతో ఎందరినో బతికించారు. ఆ మందు ఎంత తొందరగా పడితే అంత మంచిది.

షెడ్డు రేకు కింద తుట్టెని కాల్చేద్దామని అమ్మ రోజూ పోరుతోంది. ఆ కందిరీగలు గొంగళిపురుగుల్ని ముక్కలు చేసి పట్టుకెళ్ళి తుట్టెలోని పిల్లలకు పెడతాయి. నా కూరగాయల మడి వాటికి పది అడుగుల దూరంలోనే ఉంది. అందుకని నేను ఆ పని వాయిదా వేస్తున్నాను. ప్రస్తుతానికి నిచ్చెన చెట్టుకి అవతలి వైపు వేస్తున్నాను, చొక్కా ఇన్‌షర్ట్ చేసుకుని ఎక్కుతున్నాను.