నకలు కారే కదా అని నకిలీ రోల్ కేజ్ అంటగట్టాడు: పాత మారుతీలు కడుతున్నవాళ్లు జాగ్రత్త

గోళ్ల సందుల్లో గ్రైండర్ మసి ఇంకా పోలేదు. ఇది నిన్న సాయంత్రం జరిగింది. కోపం కాస్త చల్లారాక నింపాదిగా రాద్దామనుకున్నాను. కానీ ఈలోపు ఇంకెవరైనా ఆ మనిషికి డబ్బు పంపుతారేమోనన్న భయంతో ఇప్పుడే కూర్చున్నాను.

పాత మారుతీలకు రోల్ కేజ్‌లు (కారు బోర్లా పడినా లోపలివాళ్లు నలిగిపోకుండా కాపాడే పైపుల చట్రాలు) చేసి లారీలో పంపే మనిషి అంటే మీలో చాలామందికి ఎవరో తెలిసిపోతుంది. పేరు ఇక్కడ రాయను, ఫిర్యాదులో రాస్తాను. ఎస్టీమ్‌కో జెన్‌కో కేజ్ కావాలని ఎవరు అడిగినా నలుగురు ఆయన నంబరే ఇస్తారు. నాకూ అలాగే ఇచ్చారు. నేను మరో ఇద్దరికి ఇచ్చాను. ఆ ఇద్దరికీ ఈ రోజు పొద్దున్నే ఫోన్ చేసి క్షమించమని అడిగాను.

కారు సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. 2002 నాటి ఎస్టీమ్, 1298 సీసీ, పదహారు వాల్వుల ఎంపీఎఫ్ఐ ఇంజను, 85 హార్స్‌పవర్. మూడేళ్లుగా ఇంటి వెనక రేకుల షెడ్డులో దాన్ని టూరింగ్ రేసు కారుగా కడుతున్నాను. చెన్నైలో చదువుకునే రోజుల్లో ఇరుంగట్టుకోట్టై రేసు ట్రాక్‌కు వెళ్లేవాణ్ణి. టూరింగ్ కార్ల రేసు అంటే అప్పట్లో ఎస్టీమ్‌లదే పెత్తనం. మన వీధుల్లో పెళ్లిళ్లకు తిరిగే కారే అక్కడ సీట్లు, కార్పెట్లు, లైనింగ్ అన్నీ వదిలేసి, ఒంటి మీద నంబరు వేసుకుని, మూడు చక్రాల మీద మలుపు తిరుగుతుంటే ఊపిరి బిగబట్టి చూసేవాణ్ణి. ఆ కార్లలో ఒకదాని నకలు ఇది. తుప్పు తిన్న రన్నింగ్ బోర్డులను విజయవాడ ఆటోనగర్‌లో కోయించి కొత్త రేకు వేయించాను. మిగతా పనంతా ఇంట్లోనే. నేల మీద అంటించిన తారు షీట్లను గీకి తీయడానికే నెల పట్టింది. తలుపు మీద నంబరు వేసే గుండ్రటి చోటు ఎంత వెడల్పు ఉండాలో పాత ఫొటోలో తలుపు పిడితో పోల్చి లెక్కగట్టింది మా అమ్మాయి. తనకు పదహారేళ్లు. ట్రాక్ మీద మొదటి రోజు పక్క సీటు తనదేనని మూడేళ్ల క్రితమే మాట తీసుకుంది.

నకలు అంటే నాకు తెలిసిన అర్థం ఒక్కటే. అసలుదానిలో ఏది ఎలా ఉందో ఇందులోనూ అలాగే ఉండాలి. పైకి కనిపించేదే కాదు, కనిపించనిదీ.

అందులోనూ రోల్ కేజ్. మిగతా ఏ భాగంలో రాజీ పడినా ఫొటోలో తేడా తెలుస్తుంది, అంతే. కేజ్‌లో రాజీ పడితే కారు బోర్లా పడిన రోజున తెలుస్తుంది. ప్రపంచ మోటారు రేసుల సంస్థ ఎఫ్ఐఏ నియమావళి అనుబంధం జె, 253వ అధికరణంలో కొలతలు స్పష్టంగా ఉన్నాయి. అతుకు లేని, చల్లగా లాగిన కార్బన్ స్టీలు పైపు వాడాలి. డ్రైవరు వెనక ఉండే మెయిన్ హూప్‌కు 45 మిల్లీమీటర్ల పైపు, గోడ మందం 2.5. మిగతావాటికి 38 మిల్లీమీటర్ల పైపు, గోడ మందం అదే 2.5. బాడీకి ఆనించే చోట 3 మిల్లీమీటర్ల మందం, 120 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం ఉన్న పలకలు. వంపు దగ్గర పైపు నొక్కుకుపోతే, చిన్న వ్యాసం పెద్ద వ్యాసంలో 0.9 వంతుకు తగ్గకూడదు. ఇవన్నీ కాగితం మీద రాసి, బొమ్మ గీసి ఆయనకు పంపాను. సిడిఎస్ పైపే (అంటే చల్లగా లాగిన ఆ అతుకు లేని రకమే), ఆర్గాన్ వెల్డింగే అని ఒప్పుకున్నారు. 92 వేలు అన్నారు. బేరం ఆడలేదు.

ఆ రోజు ఫోన్‌లో ఆయన అన్న మాట ఒకటి ఉంది. పక్క సీట్లో మా అమ్మాయి కూర్చుంటుందని నేనే చెప్పాను. "అమ్మాయి కూర్చుంటుందా సార్? అయితే నా కూతురు కూర్చునే కారనుకుని చేస్తాను" అన్నారు. ఆ మాట విన్నాక ఇంక ప్రశ్న వేయలేదు. సగం అడ్వాన్సు, సగం కేజ్ చేతికి వచ్చాక అనుకున్నది కాస్తా, లారీకి ఎక్కించే ముందే మొత్తం పంపేశాను.

కేజ్ బుధవారం వచ్చింది. బూడిద రంగు పెయింటు, నున్నగా, చూడముచ్చటగా ఉంది. పార్శిల్ ఆఫీసు నుంచి ట్రాలీ ఆటోలో తెచ్చి, నేనూ పక్కింటి కుర్రాడూ కలిసి దించాం. అవలీలగా దించాం. అప్పుడే అనుమానం రావలసింది, రాలేదు.

నిన్న ఎడమ తలుపు అడ్డపైపు బిగిస్తుంటే ఆరు మిల్లీమీటర్లు పొడవు ఎక్కువైంది. కొలత తప్పారులే అని, గ్రైండర్‌తో ఆ చివర కోశాను. గాజంత ఉంగరం ఒకటి తెగి నేల మీద పడి దొర్లింది. మా అమ్మాయి తీసింది. ఇంకా వేడిగా ఉందని చున్నీ కొంగుతో పట్టుకుని, ఆరాక వేలు లోపలికి పెట్టి తిప్పింది. "నాన్నా, లోపల ఏదో గీత తగులుతోంది" అంది.

ఆ గీత ఏమిటో నాకు తెలుసు. రేకును గొట్టంలా చుట్టి అంచులు కరిగించి అతికించినప్పుడు లోపల మిగిలిపోయే అతుకు అది. గేట్లకూ కిటికీ గ్రిల్స్‌కూ వాడే ఈఆర్‌డబ్ల్యూ పైపు. వర్నియర్ తెచ్చి గోడ మందం కొలిచాను. 1.6. మరోచోట కొలిచాను. 1.6. నాలుగు వైపులా కొలిచాను. 16 గేజ్ పైపు. బయటి కొలతలు మాత్రం సరిగ్గా 45, 38. మోసమంతా లోపలే.

ఆ తర్వాత రెండు గంటలు ఆ కేజ్‌ను ముక్కముక్కగా చూశాను. మెయిన్ హూప్ వంపు దగ్గర ఒకవైపు 47, ఇంకోవైపు 38. అంటే 0.81. అడ్డపైపు మెయిన్ హూప్‌ను కలిసేచోట పెయింటు గీకితే, కింద పసుపు రంగు లప్పం. లప్పం ఊడగొడితే నాలుగు మిల్లీమీటర్ల సందు. పైపు చివరను హూప్ గుండ్రానికి సరిపడేలా కోయకుండా తిన్నగా కోసేసి, సందులో ఎలక్ట్రోడు ముక్క ఒకటి అడ్డం పెట్టి పైపైన ఆర్క్ వెల్డింగు లాగించారు. ఆ పైన లప్పం, ఆ పైన పెయింటు. తల తగిలేచోట చుట్టుకోమని పంపిన నల్ల స్పాంజి చూస్తే అది ఏసీ రాగి గొట్టాలకు చుట్టేది. వేలితో నొక్కితే ఇనుము తగులుతోంది.

ఫోన్ చేశాను. కోప్పడలేదు. పొరపాటున వేరేవాళ్ల సరుకు వచ్చిందేమో అన్నట్టుగానే మొదలుపెట్టాను. నా మనసులో నిజంగానే అలాంటి ఆశ ఉంది. మందం 1.6 ఉందండీ అన్నాను.

"ఉంటుంది సార్" అన్నారు.

సిడిఎస్ అన్నారు కదా అన్నాను.

"సార్, మీరు కట్టేది రెప్లికా. రేసు కారు కాదు. నకలు కారుకు అసలు కేజ్ ఎందుకు? చూడ్డానికి ఉన్నట్టుంటే చాలదా?"

మా అమ్మాయి అందులో కూర్చుంటుందని మీకు చెప్పాను కదండీ అన్నాను. గొంతు వణికింది.

"కూర్చోనివ్వండి సార్. బోల్తా పడేలా నడపకండి."

అంతే. ఆ మాట రాసేటప్పుడు కూడా ఒళ్లు మండిపోతోంది. పైపు మారిస్తే డబ్బు దొంగతనం అనుకుంటాను. నా కూతురు అనుకుని చేస్తానన్న నోటితోనే ఈ మాట అనడం మాత్రం నాకు మింగుడు పడటం లేదు. మా అమ్మాయి ఎదురుగానే ఉంది, ఫోన్ స్పీకర్‌లో ఉంది, తను విన్నది. ఏమీ అనకుండా ఆ ఉంగరాన్ని బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఇకమీదట ఆ మనిషిని ఆయన అని రాయలేను.

డబ్బు వెనక్కి ఇమ్మని అడిగితే అతను బెదిరింపుకు దిగాడు. "కంప్లైంట్ ఇచ్చుకోండి సార్. మార్పులు చేసిన కారు కదా, ముందు మీ కారునే పట్టుకుపోతారు" అన్నాడు. ఆ మాటకు భయపడి ఊరుకున్నవాళ్లు ఎందరో ఉండి ఉంటారు. అందుకే చెబుతున్నాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదంటుంది. నా కారు రోడ్డెక్కదు, ట్రాక్‌కు ట్రైలర్ మీదే వెళుతుంది. ఆ ఏర్పాటు మొదటి నుంచీ ఉంది. అదేమైనా, అతను ఒక సరుకు చూపి మరొకటి పంపడానికీ దానికీ సంబంధమే లేదు. ఇది చెప్పేసరికి ఫోన్ పెట్టేశాడు. రాత్రికి నా నంబరు బ్లాక్ చేశాడు.

ఇప్పుడు నా తప్పు. బాయిలర్ ట్యూబుల గోడ మందం కొలవడం నా ఉద్యోగం. థర్మల్ కేంద్రంలో ఇరవై రెండేళ్లుగా ఇదే పని. ప్రతి ఓవర్‌హాల్‌లోనూ ట్యూబులు ఒక్కొక్కటీ కొలిచి, అర మిల్లీమీటరు అరిగినా మార్చమని రాసే మనిషిని. ఉక్కు మిల్లు ఇచ్చే సర్టిఫికెట్ మీది హీట్ నంబరు (ఆ ఉక్కు ఏ విడతలో తయారైందో చెప్పే అంకె) పైపు మీద కొట్టిన నంబరుతో సరిపోకపోతే లోడు మొత్తం వెనక్కి పంపించేవాణ్ణి. అలాంటివాణ్ణి, అతను ఫోన్‌లో పంపిన సర్టిఫికెట్ ఫొటో చూసి సరే అన్నాను. పెయింటు వేయకుండా పంపమని అడగలేదు. కొలిచే పరికరం ఇంట్లో ఉండి కూడా బుధవారం నుంచి నిన్నటి దాకా బయటికి తీయలేదు. ప్లాంటులో ట్యూబు పగిలితే యూనిట్ ఆగుతుంది. ఇక్కడ పగిలితే ఏమయ్యేదో తలుచుకుంటే రాత్రి కన్ను మూతపడలేదు. ఎవరో అపరిచితుడు నా కూతురి పేరు ఎత్తాడని వృత్తి నేర్పినదంతా పక్కన పెట్టేశాను. ఇందులో అతని తప్పు అతనిదే. నాది నాదే.

రుజువు నా చేతిలోనే ఉందని ఈ రోజు పొద్దున గానీ తట్టలేదు. లారీ రసీదు తీసి చూస్తే బరువు 33 కిలోలు అని ఉంది. లెక్క వేయండి. 38 పైపు 2.5 మందంతో ఉంటే మీటరుకు 2.19 కిలోలు తూగుతుంది. అదే 1.6 అయితే 1.44. నా బొమ్మ ప్రకారం మెయిన్ హూప్‌కు మూడున్నర మీటర్లు, మిగతా పైపులన్నీ కలిపి పదహారు మీటర్ల పైచిలుకు. పలకలతో సహా 48 కిలోలకు అటూ ఇటూగా రావాలి. పదిహేను కిలోల ఉక్కు మిగుల్చుకున్నాడు. ఆ పదిహేను కిలోల కోసం.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాను. సోమవారం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తున్నాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినవాడి ఊరికి వెళ్లనక్కర లేదు, మనం ఉండే జిల్లాలోనే వేయవచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు రుసుము లేదు. రెండేళ్లలోపు వేయాలి. ఇంతకుముందు ఇతని దగ్గర మోసపోయినవాళ్లుంటే, గడువు దాటకపోతే, మీరూ వేయండి. కోసిన ఉంగరం, లారీ రసీదు, మాటల రికార్డు, ఫొటోలు అన్నీ భద్రపరిచాను.

కొనబోయేవాళ్లకు నాలుగు మాటలు. కేజ్ పెయింటు లేకుండా పంపమనండి. ముందుగా అదే పైపు నుంచి ఒక అడుగు ముక్క కోసి పంపమనండి, తూకం వేయండి, లోపల వేలు పెట్టి చూడండి. కేజ్ కొలిచి చూసుకునే దాకా మిగతా సగం డబ్బు ఇవ్వకండి. ట్రాక్‌కు వెళ్లేవాళ్లు ఎవరైనా తెలిసి ఉంటే వాళ్లకు ఒకసారి చూపించండి. వీటికి ఒప్పుకోనివాడి దగ్గర కొనకండి.

ఇప్పటికే కొన్నవాళ్ల గురించే నా బెంగ. ఇతను చేసిన కేజ్‌లు వేసుకుని తిరుగుతున్న ఎస్టీమ్‌లు, జెన్‌లు మనవాళ్ల దగ్గర చాలానే ఉన్నాయి. ట్రాక్‌కు వెళ్లబోయేవాళ్లుంటే, దయచేసి లారీ రసీదు వెతికి బరువు చూడండి. రసీదు లేకపోతే ఒక అతుకు దగ్గర బొటనవేలి గోరంత పెయింటు గీకండి. కింద పసుపు కనిపిస్తే ఆ కారులో హెల్మెట్ పెట్టుకుని కూడా కూర్చోకండి, ఎవరినీ కూర్చోబెట్టకండి. మందం కొలవడం రాకపోతే నాకు చెప్పండి. విజయవాడ చుట్టుపక్కల ఎక్కడైనా సరే, ఆదివారం పరికరం తీసుకుని నేనే వస్తాను.